సద్దిమూట పాట

కరీంనగర్‌లో మా పక్కింటివాళ్లు ఈ మధ్య సాయంత్రాలు జొన్నరొట్టెలు చేస్తున్నారు. పీట మీద పిండి చరిచే చప్పుడు గోడ దాటి వచ్చిందంటే నా చేతిలో పని ఆగిపోతుంది. ఆ చప్పుడుతో కలిసి ఒక పాట వినిపించేది, భైంసాలో. పాడే మనిషి రుక్మాబాయి, మేం అద్దెకున్న ఇంటి యజమానురాలు.

నాకు అక్కడి బడిలో తెలుగు టీచరుగా ఉద్యోగం వచ్చిన ఏడాదే మా పెళ్లయింది. కులం వేరని మా వాళ్లెవరూ ఒప్పుకోలేదు. రిజిస్ట్రారు ఆఫీసుకు చొప్పదండి నుంచి మా అక్క ఒక్కతే వచ్చింది. నా చేతిలో ఒక చీర పెట్టింది. అక్షింతలు వేయలేదు, మా ఆయన వైపు చూడలేదు, వచ్చిన ఆటోలోనే వెళ్లిపోయింది. నలుగురిలో అవమానించడానికే వచ్చిందనుకున్నాను. ఆ చీర కట్టలేదు, ఆమెకు ఫోన్ చేయలేదు.

రుక్మాబాయిది మరాఠీ మాట్లాడే ఇల్లు. తెలుగు పాటలు మాత్రం అత్తగారి దగ్గర నేర్చుకుందట. రొట్టెలు చేసేటప్పుడు ఎక్కువగా ఒకటే పాడేది, తన ఇంటికి వచ్చిన అన్న గురించి ఒక చెల్లెలు పాడుకునే పాట.

దూరమెంతొ నడిచి అన్న వాకిట్ల నిలిచె
చెప్పులిడువడాయె, గడప దాటడాయె
సద్దిమూట అరుగు మీద పెట్టి మళ్లిపోయె

ఒకనాడు ఆమె పొయ్యి దగ్గర కూర్చుని ఆ పాటకు అర్థం చెప్పాను. అన్నకు చెల్లెలి మీద కోపం, ఆ ఇల్లు తన స్థాయికి తగదన్న గర్వం, అందుకే చెప్పులు కూడా విడవలేదన్నాను. బడిలో పద్యానికి చెప్పినంత ధీమాగానే చెప్పాను. ఆమె పెనం మీది రొట్టె తిప్పింది.

"పాట్ల అన్న చెప్పులున్నయి, మూట ఉన్నది. మొఖం యాడున్నది, టీచరమ్మా? చెల్లె తల ఎత్తి సూడనే లేదు. సూడని మొఖంల కోపమున్నదని నువ్వెట్ల చెప్తవు?"

మా అక్క సంగతి ఆమెకు అప్పటిదాకా తెలియదు. ఆ సాయంత్రమే చెప్పాను. ఆమె ఓదార్చలేదు, తప్పెవరిదో తేల్చలేదు. పోయి అడిగి రమ్మంది, అంతే.

దసరా సెలవుల్లో ఆ చీర కట్టుకుని చొప్పదండి వెళ్లాను. అక్క వాకిట్లో మిరపకాయలు ఆరబోస్తోంది. చీర వైపు ఒకసారి చూసి, లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చింది. ఆ రోజు కోపంతోనే వెళ్లిపోయావా అని అడిగాను. కాదంటుందని, ఏడుస్తుందని దారి పొడుగునా ఊహించుకుంటూ వచ్చాను.

"కోపమే. ఇప్పటికి పోలే," అంది అక్క. "కానీ నా చెల్లె పెండ్లికి పుట్టింటోళ్లు ఒక్కలు రాలేదని ఎవలన్న అంటే నేనోర్సుకోను. అందుకే వచ్చిన."

భైంసాకు తిరిగొచ్చి ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. రుక్మాబాయి పిండి కలపడం ఆపింది.

"అయితే అన్నకు గూడ కోపమే ఉండె కావచ్చు. గా కోపంతోనే అంత దూరం సద్ది మోసుకొచ్చిండు."

ఆ తర్వాత ఆమె ఆ పాట పాడినప్పుడల్లా చివరి పాదం దగ్గర గొంతు తగ్గించేది. ఆమె పుట్టిల్లు నాందేడ్ దిక్కు ఏదో పల్లె. అక్కడి వాళ్లు రావడం నేనెన్నడూ చూడలేదు. ఎందుకు రారని అడగాలని చాలాసార్లు అనిపించింది, అడగలేదు.

మాకు కరీంనగర్ బదిలీ అయిన రెండో ఏడు, ఆమె పోయిందని కొడుకు ఫోన్ చేశాడు. పదోనాటికి బయల్దేరుతుంటే అక్క తానూ వస్తానంది. రుక్మాబాయిని ఆమె ఒక్కసారి కూడా చూసింది లేదు. ఆ ఇంట్లో అక్క ఎవరూ చెప్పకుండానే కొంగు దోపుకుని వడ్డనకు లేచింది.

అక్క ఇప్పటికీ మా ఆయనతో నేరుగా మాట్లాడదు. ఆదివారం ఆదివారం నాకు ఫోన్ చేస్తుంది. అవీ ఇవీ అయ్యాక, పెట్టేసే ముందు, "ఆయన తిన్నడా?" అంటుంది. ఆ మాటలో కోపమెంతో ప్రేమెంతో విడదీసి చూడాలని నాకిప్పుడు అనిపించదు. తిన్నాడని చెబుతాను.