అల్లుడి మెడలో దూరం పెట్టె

మా నారిన్ కొండల్లో గురి తప్పని వేటగాణ్ణి మెర్గెన్ అంటాం. దుయిషెబాయ్‌కి ఆ మాట ఇంటిపేరులా అతుక్కుపోయింది. ఎదుటి గట్టు మీద తోడేలు ఎంత దూరంలో ఉందో కంటితో చూసి చెప్పేసేవాడు. మేం ఆయన్ని నెత్తిన పెట్టుకున్నాం. అందువల్లే కాబోలు, అరవై దాటాక చూపు తగ్గిందని చెప్పుకోవడానికి ఆయనకు నోరు రాలేదు. చలికాలం మొదట్లో తోడేలు మీద పేల్చిన గుండు దాని కాళ్ళ ముందే మట్టిలో దిగబడితే, తప్పంతా గాలి మీదికి నెట్టేశాడు.

ఆ వారమే అల్లుడు సమాత్‌ని వెంటబెట్టుకుని పట్నంలో ఒక కొట్టుకి వెళ్ళాడు. లేజరుతో దూరం కొలిచే పెట్టెలు అక్కడ అమ్ముతారు.

“మా అల్లుడి కోసం. చవగ్గా ఉండాలి,” అన్నాడు.

కొట్టువాడు ఒకటి తీశాడు. “దీని మీద వెయ్యి మీటర్లని రాసుంది గానీ నమ్మకండి పెద్దాయనా. అది మెరిసే రేకు మీద మాట. జంతువు బొచ్చు మీదైతే అందులో సగం కూడా రాదు. ఇంకొంచెం పెట్టుకుంటే ఇదిగో, ఇది కొండ వాలు కూడా లెక్కగట్టి చెప్తుంది. మీకు ఇదే మేలు. దీని పైవన్నీ దండగ.”

మెర్గెన్ గుమ్మంలో నిలబడి దూరంగా ఉన్న మసీదు గుమ్మటం వైపు చూశాడు. “మూడొందలు,” అన్నాడు. పెట్టె అటు గురిపెట్టి నొక్కితే నాలుగొందల ఇరవై చూపించింది. మళ్ళీ నొక్కాడు. అదే అంకె. ఆయన మొహం పాలిపోయింది. సమాత్ ఏమీ ఎరగనట్టు వీధిలోకి చూస్తూ నిలబడ్డాడు.

వాలు చెప్పేదే కొన్నారు. ఊరు రాగానే మెర్గెన్ దాన్ని అల్లుడి మెడలో వేశాడు.

ఇక మావాళ్ళ నోళ్ళకు పండగే. “పెట్టె లాగేస్తే వీడికి కుక్కేదో తోడేలేదో తెలీదు. వీడి చేతికి తుపాకీయా?” అంటూ కాపరులు సమాత్‌ని మంద కావలికి రానివ్వలేదు. పెళ్ళయిన దగ్గర్నుంచీ అతను ఆశపడింది ఆ ఒక్కదానికే. అయినా నోరెత్తలేదు. మామగారి వెనకే కొండెక్కి, చెవిలో అంకె చెప్పేవాడు. ఆ అంకెతోనే మెర్గెన్ తోడేలును పడగొట్టాడు. పొగడ్తలు మామకి, వెక్కిరింతలు అల్లుడికి. మా న్యాయం అలా ఏడిసింది.

మంద యజమాని గొర్రెను కోసి విందు పెట్టాడు. ఉడికిన తల, పెద్ద అతిథికిచ్చే ఆనవాయితీగా, మెర్గెన్ ముందుకొచ్చింది. కోసి తనకిష్టమైనవాళ్ళకు పంచాలి. ఆయన కత్తితో కన్ను తీశాడు.

“బావగారూ, అది అల్లుడికే పెట్టండి!” అంది మరదలు జూరా. “తింటే చూపొస్తుందేమో. పాపం, మెడలో గంట కట్టిన దూడలా ఎన్నాళ్ళు తిరుగుతాడు?”

ఇల్లు దద్దరిల్లేలా నవ్వారు. సమాత్ కూడా నవ్వి, రెండు చేతులూ చాచాడు.

“ఇవ్వండి మామయ్యా. నాక్కావాల్సిందే.”

ఆ చాచిన చేతులు చూసేసరికి మెర్గెన్ సిగ్గుతో చితికిపోయాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. లేచి, అల్లుడి మెడలోంచి పెట్టె తీసి తన మెడలో వేసుకున్నాడు.

“ఆ దూడని నేనమ్మా జూరా. కనపడనిది నాకు. వీడు చెప్తేనే పేల్చాను.”

కన్ను తన నోట్లోనే పెట్టుకున్నాడు.

“రేపట్నుంచి కావలికి సమాత్ వస్తాడు,” అన్నాడు మంద యజమాని.

మెర్గెన్ తల వంచుకుని ఇంకా నములుతూనే ఉన్నాడు.