మూడు తాళాలు, ఒక కర్ర

ఘాట్‌రోడ్డులో బళ్ల తలుపులు విరగ్గొడుతున్నారని మొదట చెప్పింది మా తమ్ముడు ప్రభాకర్. ఆ భయంతో, ఊళ్లు తిరుగుతూ మేము వండుకుని పడుకునే వ్యానుకు మావారు మరో రెండు తాళాలు బిగించారు. ఆయన గుండె మందులన్నీ లోపలే ఉండేవి.

మన్యంలో పెదబయలు సంతకు వెళ్లి వ్యాను ఆపి తాళాలు వేస్తుంటే, పక్కనే అల్లం అమ్ముతున్న సోమమ్మ నవ్వింది. "ఇన్ని తాలాలేటమ్మా? లోపల ఎవుల్ని కట్టేసినావు?"

సంత సగం తిరిగాక చూస్తే నా సంచిలో తాళంచెవులు లేవు. పరుగున వచ్చాం. గుత్తి తలుపుకే వేలాడుతోంది. మెట్టు మీద అడ్డంగా ఒక కర్ర ఉంది. లోపల మందులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి.

"నానే ఎట్టినాను. కర్ర అడ్డమెట్టిన గుమ్మం మావోలు ఎవులూ దాటరు," అంది సోమమ్మ.

దేవుని కాపుదల అడిగినప్పుడల్లా నాకు ఆ కర్రే కనిపిస్తుంది. మీరూ ప్రార్థనలో సోమమ్మను తలచుకోండి.