నూనె మంట ఆర్పిన మా మేనత్త

మా మేనత్త పోయిన నెలలో ఒక తెల్లవారుజామున నిద్రలోనే కన్నుమూసింది. "అక్కా, అత్త వోయింది" అని తమ్ముడు ఫోన్ చేసేసరికి నేను చంద్రపూర్ స్టాండులో విసాపూర్ బస్సు కోసం నిలబడి ఉన్నాను. అక్కడి బడిలో సైన్సు చెప్తాను. ఆ బస్సు వదిలేసి రాజురా బస్సు ఎక్కాను. దారిలో ఏడ్చాను, మధ్యలో ఆమె మాటలు గుర్తొచ్చి నవ్వాను కూడా. ఆమెను ఎరిగినవాళ్లెవరూ నన్ను తప్పుపట్టరు.

అత్త మహారాష్ట్ర సరిహద్దులోని రాజురాలో ఒక జూనియర్ కాలేజీలో కెమిస్ట్రీ చెప్పేది. క్లాసులో మరాఠీ, ఇంట్లో మన తెలుగు. అక్కడే మాకొక చిక్కుండేది. మరాఠీ పుస్తకంలో 'అణు' అంటే తెలుగులో పరమాణువు. మన అణువును వాళ్లు 'రేణు' అంటారు. సెలవులకు ఆదిలాబాద్ నుంచి, తెలుగులో చదివే పెద్దమ్మ పిల్లలొస్తే ఈ మాట మీద కొట్లాటే.

"పేరు ఏదైతేంది? అవి ఒకదాన్నొకటి గుంజుకుంటయా లేదా, గది చెప్పుండ్రి" అనేది అత్త.

మే నెల ఎండల్లో మా ఒక చేతి మీద నీటి చుక్క, ఇంకో చేతి మీద సూది వేసేముందు రాసే స్పిరిట్ చుక్క వేసి ఊదమనేది. స్పిరిట్ చల్లగా తగిలి చప్పున మాయమయ్యేది. "నీళ్ల అణువులు గట్టిగ పట్టుకొని ఉంటయి బిడ్డా, జల్ది లేవయి. స్పిరిట్‌కు గంత పట్టు లేదు. ఎగిరిపోతది, పోతూ పోతూ నీ చేతి వేడి తీస్కపోతది." చల్లదనం కోసం మేం సీసా అంతా ఒంపేసినా, "ఖతం చేసిండ్రా?" అని నవ్వేదే తప్ప తిట్టేది కాదు.

ఆ రోజుల్లోనే లక్కడ్‌కోట్ అనే ఊళ్లో మా అక్క పెళ్లి. పందిరి వెనక బజ్జీలు వేస్తున్నారు. వంటాయన అటు తిరిగిన కాసేపట్లో కడాయిలో నూనె పొగలు కక్కి భగ్గున అంటుకుంది. పందిరి గుడ్డ చేతికందేంత దగ్గర. మా చిన్నాన్న, అంటే అత్తకు తమ్ముడు, నీళ్ల బకెట్ ఎత్తాడు.

"పొయ్యకు తమ్మీ! నీళ్లు పొయ్యకు!"

అత్త పట్టుచీర ఎత్తిపట్టుకుని పరుగున వచ్చి బకెట్‌ను కిందికి నొక్కేసింది. వంటాయనతో గ్యాస్ బంద్ చేయించి, అన్నం వండిన పెద్ద గిన్నె, గంజు, మూతను పక్కనుంచి కడాయి మీదికి జరిపింది. మంట ఊపిరాడక చచ్చింది.

చిన్నాన్నకు రోషం వచ్చింది. "మంటకు నీళ్లు పొయ్యకుంట ఇంకేం పోస్తరక్కా?"

అత్త గాజు గ్లాసులో నూనె పోసి, మీద నీళ్లు పోసింది. నీళ్లు కలవకుండా అడుగుకు దిగాయి.

"చూసినవా? నీళ్లు నీళ్లనే పట్టుకుంటయి, నూనెను నడుమ రానియ్యవు. బరువు గనుక కింద కూసుంటయి. నూనె అణువులేమో పొడుగు, పొడుగునా అతుక్కొని ఉంటయి. గందుకే నీళ్లు మసిలే కాడ నూనె మసలది, ఇంకా శానా వేడెక్కుతది. గంత వేడి నూనె కింద పడ్డ నీళ్లు ఒక్కపారే ఆవిరై, మండే నూనెను నీ మొహం మీదికి ఎగజిమ్ముతయి."

వంటవాళ్లు, బ్యాండువాళ్లు, మగపెళ్లివారు చుట్టూ నిలబడి విన్నారు. ముహూర్తం దాటిపోతోందని పంతులు కేకేసేదాకా పాఠం ఆగలేదు. కెమిస్ట్రీ అంటే నాకున్న భయం పోయింది ఆ పందిరి వెనకే.

ఆమెను సాగనంపి వచ్చిన సాయంత్రం చిన్నాన్న ఈ కథంతా మళ్లీ చెప్పాడు. "నాడు అక్క అడ్డం రాకుంటే ఈ మీసం ఉండునా?" అని మీసం తడుముకుని, అందరినీ నవ్వించి, తాను ఏడ్చాడు.

దినాలయిన మర్నాడు నేను బయల్దేరుతుంటే వాన అప్పుడే వెలిసింది. వాకిట్లోంచి మామ, అత్త భర్త, పిలిచాడు. "ఇట్ల రా బిడ్డా." బట్టలారేసే తీగ పొడవునా నీటి చుక్కలు వేలాడుతున్నాయి.

"ఎంత లావైనా వదుల్తలేవు చూడు" అన్నాడు మెల్లగా.

ఇద్దరం చూస్తూ నిలబడ్డాం. ఒక చుక్క జారి పక్కదాన్ని కలిసింది. రెండూ ఒక్కటై, గాలికి ఊగుతూ, తీగను పట్టుకునే ఉన్నాయి.