మేక సరే అనేదాకా

తమిళనాడులో ధర్మపురి దాటాక మహేంద్రమంగళంలో మా బస్సు చెడిపోయింది. రోడ్డు పక్క గుడి ముందు ఒక మేకకు పూలదండ వేసి, తల మీద పసుపునీళ్లు పోస్తున్నారు. ఎందుకని అడిగితే, దాన్ని పెంచిన ముసలామె తెలుగులోనే బదులిచ్చింది.

"మా ఇంట్లోనూ తెలుగే సామీ. అది ఒళ్లు విదిలిస్తే సరే అన్నట్టు. సరే అనకుండా కత్తి పెట్టము."

"అనకపోతే?"

"అనేదాకా పోస్తాము," అని నవ్వింది.

నేను చర్చిలో బోధకుణ్ణి. లోకంలోకి చెడు ఎలా వచ్చిందని అడిగినవాళ్లకు, దేవుడు మనిషికి స్వేచ్ఛనిచ్చాడు, మనిషే చెడుకు సరే అన్నాడు అని చెబుతుంటాను. ఆ వారమే భార్యను కొట్టి ఇల్లు విడిచి వచ్చాను. నన్ను ఇంత కోపిష్ఠిగా పుట్టించి తప్పు నాదంటావేమని దారంతా దేవుణ్ణే నిందించాను.

చివరికి మేక ఒళ్లు విదిలించింది. "సరే అనేసినాది!" అని అందరూ కేక వేశారు. ముసలామె మొహం తిప్పుకుంది.

"చెవిలోకి నీళ్లు పోతే అదేం చేస్తాది, పాపం!"

మేక తరఫున ఆ మాటైనా ఉంది. నా చెవిలో ఎవరూ నీళ్లు పోయలేదు. నా భార్య "వద్దండీ" అనడం స్పష్టంగా వినబడింది. విని, కొట్టాను.