ఒక పాయింటు మనిషి

డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ వెనక్కి అడుగేసి కింద పడ్డాను. నడుము కింద స్పర్శ పోయింది. తర్వాత ఆరేళ్లు మంచాల అనే ఊళ్లో మా అక్క ఇంట్లోనే ఉన్నాను. అక్కే ఎత్తేది, అక్కే దించేది.

ఇబ్రహీంపట్నంలో నాకు కసరత్తులు చేయించే ఆమె ఒకరోజు, "బాస్కెట్‌బాల్ ఆడుతవా?" అని అడిగింది. ఎగతాళి అనుకున్నాను. ఆ ఆదివారమే అక్క నన్ను ఆటోలో ఒక బడి గ్రౌండుకు తీసుకెళ్లింది.

ఆడేవాళ్లం నలుగురం, చక్రాల కుర్చీలు మూడు. ఆట కుర్చీల చక్రాలు కింది వైపు బయటకు వాలి ఉంటాయి, తిప్పితే బొంగరంలా తిరుగుతాయి. ఆట నేర్పే అన్న బడంగ్‌పేట్ నుంచి వచ్చేవాడు. ఆయనకు ఒక కాలు లేదు. మొదటి గంటలోనే బంతి కోసం వంగి, కుర్చీతో సహా బోర్లా పడ్డాను. అక్క కేక పెట్టి పరుగెత్తుకొచ్చింది.

"ఆగు అక్కా," అన్నాడు అన్న. "ముందుగాల ఆమెను అడుగుదాం." నా వైపు తిరిగి, "దెబ్బ తాకిందా? ఇంక ఆడుతవా, ఇంటికి పోతవా?" అన్నాడు.

ఆరేళ్లలో నన్నెవరూ అలా అడగలేదు.

"లేపన్నా, ఆడుత," అన్నాను.

రెండేళ్లలో మంది పెరిగారు. పెద్ద అంబర్‌పేట్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లు వచ్చాక ఆడవాళ్లకు వేరే టీమ్ అయింది. పోటీలకు ముందు కొందరు వచ్చి, ఎవరి ఒంట్లో ఎంత పట్టుందో చూసి ఒకటి నుంచి నాలుగున్నర దాకా పాయింట్లు ఇచ్చారు. నాకు ఒకటే. ఏడుపొచ్చింది.

"నేనింత తక్కువనా అన్నా?"

"గట్ల గాదు. దిగే ఐదుగురి పాయింట్లు కలిపి పద్నాలుగు దాటొద్దు. నీకు ఒకటే ఉన్నది గనకనే ఎక్కువ పాయింట్లోళ్లను నీ పక్కన దింపుతున్న. నువ్వు లేకుంటే టీమే లేదు."

మొదటి మ్యాచ్‌లో అవతలి టీమ్‌లో అందరికన్నా పొడుగామె ముందు నా కుర్చీని అడ్డంగా పెట్టాను. ఇనుము ఇనుముకు తగిలి భుజాల దాకా అదిరింది. ఆమె కదల్లేకపోయింది. ఆ సందులోంచి పెద్ద అంబర్‌పేట్ అక్కాచెల్లెళ్లలో చిన్నామె దూసుకుపోయి బంతిని బుట్టలో వేసింది. చివరికి ఓడిపోయాం గానీ, ఆ ఒక్క క్షణం నా ఒళ్లంతా నాకు తిరిగొచ్చినట్టనిపించింది.

తిరుగు బస్సులో అక్క మెల్లగా, "నువ్వొక్కటి గూడ వెయ్యలే గదనే?" అంది.

టిఫిను గిన్నెలు ఒళ్లో పరిచి ఎవరు ఎక్కడున్నారో, నేనెక్కడ అడ్డం పడ్డానో చూపించాను. మూడోసారికి ఆమెకు అర్థమైంది.

"అట్లనా! మరి నీకెవ్వరూ చప్పట్లు కొట్టలేదేందే?" అని కోపం తెచ్చుకుంది.

తర్వాతి మ్యాచ్‌లో అందరూ బంతి వైపు చూస్తుంటే, అక్క ఒక్కతే లేచి నిలబడి నా కుర్చీ వైపు చూస్తూ చప్పట్లు కొట్టింది.