పొలిమేర చెప్పిన పెట్టె

కారెక్కగానే మా అమ్మమ్మ చెప్పులు విప్పి పక్కన పెట్టుకునేది. మార్కెట్‌కి వెళ్ళేటప్పుడు కాదు, గుడికి వెళ్ళేటప్పుడూ కాదు. కౌలాలంపూర్ శివార్లలో ఉన్న మా ఇంటి నుంచి కౌలా సెలంగోర్‌లో ఉన్న తన చెల్లెలి ఇంటికి బయలుదేరినప్పుడు మాత్రమే.

ఆ దారిలో ఆమె పుట్టిన రబ్బరు ఎస్టేటు ఉంది. ఉంది అనడం కూడా సరికాదు. రబ్బరు చెట్లు పోయి పామాయిల్ తోటలు వచ్చాయి. కూలీల లైను ఇళ్ళ చోట కొంత మేర కొత్త కాలనీ లేచింది. అమ్మోరి గుడిని పక్క ఊరికి మార్చారు. కానీ ఆ ఎస్టేటు వాళ్ళకి ఒక కట్టుబాటు ఉండేది: అమ్మోరి పొలిమేరలో ఉన్నంతసేపు కాలికి చెప్పు ఉండకూడదు. అమ్మమ్మ చిన్నప్పుడు వాళ్ళమ్మ వాగు వంతెన దగ్గర చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, అవతలి హద్దు దాటాక తొడుక్కునేదట. గుడి కదిలినా పొలిమేర కదలదని అమ్మమ్మ నమ్మకం.

నడిచేవాళ్ళకి ఇది సులువు. కారులో కష్టం. కొత్త రోడ్డుకి రెండు వైపులా ఒకేలాంటి పామాయిల్ చెట్లు, ఎస్టేటు పేరున్న బోర్డు ఎప్పుడో పీకేశారు, అమ్మమ్మకి దూరపు చూపు తగ్గింది. "వచ్చినాదా?" అని ఆమె అడిగేసరికి మా మావయ్య, "దాటిపోయినాదే అమ్మా" అనేవాడు. ఇలా కొన్నిసార్లు జరిగాక ఆమె తిరుగులేని ఉపాయం కనిపెట్టింది: దారి పొడుగునా వట్టి కాళ్ళతో కూర్చోవడం.

ఇబ్బంది ఏమిటంటే ఆమెకి షుగరు. పాదాలకి స్పర్శ సగం పోయింది. ఒకసారి కారు చాప మీద పడి ఉన్న స్టేపుల్ పిన్ను గుచ్చుకుంటే, ఇంటికి వచ్చాక గచ్చు మీద రక్తం చూసి మేం చెప్పేదాకా ఆమెకి తెలియలేదు. ఆ పుండు మానడానికి చాలా కాలం పట్టింది. ఇంట్లో కూడా చెప్పులు తియ్యవద్దని క్లినిక్‌లో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. అమ్మమ్మ ఇంట్లో మాట విన్నది. కారులో వినలేదు.

మావయ్య ఆమెకి ఒక్కడే కొడుకు. ఫ్యాక్టరీలో ఎలక్ట్రీషియన్, అమెచ్యూర్ రేడియో లైసెన్సు ఉన్నవాడు. కారు డాష్‌బోర్డు కింద ఒక స్కానర్ బిగించుకున్నాడు. అది ఒక్కో ఫ్రీక్వెన్సీనీ వరసగా తిప్పుకుంటూ, ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగే రేడియో. దాని పుస్తకం తిరగేస్తుంటే నాకు ఒక సంగతి కనిపించింది. జీపీఎస్ రిసీవర్ తగిలిస్తే, మనం గుర్తు పెట్టిన చోటికి చేరగానే అది కూత పెట్టి ఆ పేరు తెర మీద చూపిస్తుంది. పాత మ్యాపు ఒకటి సంపాదించి, ఎస్టేటు మధ్య బిందువు చూసి, దాని చుట్టూ ఒక వృత్తం గీసి, "పొలిమేర" అని ఇంగ్లీషు అక్షరాల్లో ఎక్కించాను. రిసీవర్‌ని మాత్రం మావయ్యే తెచ్చాడు, తనే బిగించాడు. వైర్ల పని ఇంకొకరికి వదలడం ఆయనకి చేతకాదు.

బిగించాక అది పని చెయ్యలేదు.

ఒక శనివారం పొద్దున, ప్రయాణానికి ముందు, పోర్చిలో ల్యాప్‌టాప్ పట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాను. ఏదైనా పాడైతే వరస పెట్టుకుని చూడడం నాకు అలవాటు: కరెంటు, వైరు, వేగం, సమాచారం, ఆకాశం. కరెంటు వస్తోంది. వైరు తెగలేదు. వేగం దగ్గర మొదటి తప్పు దొరికింది. రెండు పరికరాలూ ఒకే వేగంతో మాట్లాడుకోవాలి. రిసీవర్ ఒక వేగంతో పంపుతుంటే, మావయ్య స్కానర్‌ని దానికి రెట్టింపు వేగంలో పెట్టాడు.

"ఏటి మావయ్యా ఇది?"

"బేగి వినాలని ఎక్కువ పెట్టినాను లా." మాట చివర ఆ 'లా' ఈ దేశంలో అందరికీ ఊతపదం.

"అది చెప్పిన దానికన్నా బేగి ఎలా వింటాది?"

"మీ అత్త చెప్పకముందే నేను వినడం లేదా?"

వేగం సరిచేశాను. తెర మూల జీపీఎస్ అన్న గుర్తు వెలిగింది, కానీ మిణుకుతోంది. అంటే సమాచారం అందుతోంది, చోటు తెలియడం లేదు. వైరుని ల్యాప్‌టాప్‌కి మార్చి చూశాను. రిసీవర్ పంపే వరసలు తెర మీద గబగబా వచ్చిపడుతున్నాయి. ప్రతి వరసలోనూ అంకెలు ఉండవలసిన చోట ఖాళీ. కామా తరువాత కామా, కామా తరువాత కామా.

అమ్మమ్మ వెనక సీట్లోకి ఎక్కుతూ అడిగింది. "ఏటంటాది బాబూ?"

"మాట్లాడతంది అమ్మమ్మా. కానీ అందులో ఏటీ లేదు."

"మీ తాతలాగ" అంది. చెప్పులు విప్పి పక్కన పెట్టుకుంది.

పోర్చి పైన జింకు రేకు ఉంది, ఉపగ్రహాలు కనిపించవు, రోడ్డెక్కితే అదే వస్తుంది అని చెప్పాను. అది నిజంగానే సరైన కారణం. కానీ రోడ్డెక్కాక కూడా గుర్తు మిణుకుతూనే ఉంది. టోలు దాటాం, మిణుకుతోంది. ఊరి భవనాలు అయిపోయి పామాయిల్ తోటలు మొదలయ్యాయి, ఆకాశం అంచు నుంచి అంచు దాకా పరచుకుని ఉంది, అయినా మిణుకుతోంది.

"అద్దానికి నువ్వు వేయించిన నల్ల ఫిల్ము, మావయ్యా. అందులో లోహం ఉంటాది. సిగ్నల్ ఆపేస్తాది."

ఈ దేశపు ఎండకి ఆ ఫిల్ము లేని కారు అరుదు. మావయ్య నొచ్చుకున్నాడు. "ఆ షాపువాడు సిగ్నలుకి అడ్డం రాదనే చెప్పినాడు. నా అద్దం జోలికి రాకు."

"అయితే రిసీవర్ ఎక్కడ పెట్టినావు?"

"ముందరే ఉంది. అద్దం కిందే."

వెనక నుంచి అమ్మమ్మ గొంతు వచ్చింది. "ఒరే, ఆ చల్లగాలి కొంచెం తగ్గించండి. కాళ్ళు గడ్డ కట్టేస్తన్నాయి."

ఎస్టేటు ఇంకా కొంత దూరం ఉండగా పెట్రోల్ స్టేషన్ దగ్గర ఆగాం. మావయ్య పెట్రోలు పట్టిస్తుంటే నేను స్కానర్ వెనక నుంచి వైరుని వేలితో తడుముకుంటూ వెళ్ళాను. గేరు పక్క నుంచి పైకి ఎక్కింది, డాష్‌బోర్డు అంచు వెంట సాగింది, నేరుగా వెళ్ళి వినాయకుడి పళ్ళెం కిందికి దూరింది.

మా కారులో వినాయకుడు చిన్న స్టీలు పళ్ళెంలో కూర్చుంటాడు. పళ్ళెంలో ఇంత పసుపు, వాడిన చెండుమల్లి పువ్వు. చెయ్యి చాపి మళ్ళీ వెనక్కి తీసుకున్నాను. పొద్దున్న నేను తిన్నది నాసి లెమాక్, కొబ్బరిపాల అన్నం. దాంతో ఇచ్చే సంబల్ కారంలో ఎండుచేపలు ఉన్నాయి, ఒక్కటి కూడా వదల్లేదు. నీచు తిన్న చేత్తో దేవుణ్ణి ముట్టుకోకూడదన్నది మా ఇంట్లో చిన్నప్పటి నుంచీ ఉన్న నియమం. పోర్చిలో వైరుని నేను పళ్ళెం దాకా కూడా వెతక్కపోవడానికి కారణం అదే. కరెంటు నుంచి ఆకాశం దాకా నేను పెట్టుకున్న వరసలో ఆ అలవాటుని లెక్కెయ్యలేదు.

మావయ్య కారెక్కాక అడిగాను. "రిసీవర్ స్వామి కింద పెట్టినావా?"

"అవును మరి. మలుపు తిరిగితే చాలు, అది జారిపోతంది, స్వామీ జారిపోతన్నాడు. దాని వెనకాల అయస్కాంతం ఉంది చూడు, పళ్ళేనికి అడుగున అంటించినాను. ఇప్పుడు ఇద్దరూ కదలరు."

అయస్కాంతం రిసీవర్ అడుగున ఉంటుంది. పళ్ళేనికి అడుగు నుంచి అంటించాడంటే రిసీవర్ బోర్లా పడి ఉంది. ఆకాశాన్ని చూడవలసిన ముఖం డాష్‌బోర్డుని చూస్తోంది, నెత్తి మీద స్టీలు పళ్ళెం, ఆ పైన దేవుడు.

"దానికి ఆకాశం కనబడాలి మావయ్యా."

"దేవుడి కంటే ఆకాశం ఏటి, అల్లుడూ?"

"సరే, పళ్ళెం ఎత్తు."

"నేను కూడా నాసి లెమాక్కే లా. నీ పొట్లం పక్కన పొట్లం నాదే కదా."

ఇద్దరం వెనక్కి తిరిగాం. శనివారాలు అమ్మమ్మ నీచు ముట్టదు. పొద్దున్న రెండు ఇడ్లీలు తిని వచ్చింది.

ఆమె చెప్పులు తొడుక్కుని దిగింది, సీసాలో నీళ్ళతో చేతులు కడుక్కుంది, ముందు సీట్లోకి వచ్చి కూర్చుంది. నేను వెనక్కి మారాను. ఆమె వినాయకుణ్ణి పళ్ళెంతో సహా ఎత్తింది. అడుగున అంటుకున్న నల్ల బిళ్ళ కూడా పైకి లేచింది. దాన్ని లాగి తీసి, అరచేతిలో పెట్టుకుని, ముఖం దగ్గరికి తెచ్చి చూసింది.

"ఇదా? నేను స్వామికి పీట కొన్నాడు కామోసనుకున్నాను."

పళ్ళేన్ని మడిచిన తువ్వాలు మీద పెట్టింది. బిళ్ళని ముఖం పైకి ఉండేలా అరచేతిలో పట్టుకుని అద్దానికి దగ్గరగా ఉంచమన్నాను.

"చెయ్యి నొప్పెడతాదేమో అమ్మమ్మా."

"హారతి పళ్ళెం పట్టుకోలేదా నేను?"

కారు కదిలింది. గుర్తు మిణుకుతోంది. పక్కనే వస్తున్న లారీ ఒకటి ముందుకు వెళ్ళిపోయింది. ఇంకాసేపటికి మిణకడం ఆగి నిలకడగా వెలిగింది. నా ఫిల్ము వాదం అక్కడికక్కడే పోయింది. అద్దంలో నా ముఖం చూసి మావయ్య ఈల వేశాడు.

"ఇంక చెప్పులు తియ్యకు" అన్నాను. "పొలిమేర రాగానే అదే చెప్తాది. అప్పుడు తీస్తే చాలు."

"చెప్పకపోతే?"

మావయ్య అందుకున్నాడు. "చెప్పకపోతే వీడ్ని అమ్మోరికి ఇచ్చేసి మనం పోదాం."

అమ్మమ్మ నవ్వలేదు. ఒక చేత్తో బిళ్ళ పట్టుకుని, రెండో చేతిని మోకాలి మీద పెట్టుకుని, పాదాలు చెప్పుల్లోనే ఉంచి, ఎదురుగా చూస్తూ కూర్చుంది. ఆమెకి అది ఎంత పెద్ద విషయమో వెనక నుంచి ఆమె మెడ చూస్తే తెలిసింది. నేను నా మ్యాపుని మనసులోనే మళ్ళీ మళ్ళీ సరిచూసుకున్నాను. అక్షాంశం, రేఖాంశం తారుమారు చేశానా? నిమిషాలని దశాంశాలుగా మార్చానా?

స్కానర్ కూసింది. తెర మీద "పొలిమేర" అన్న మాట వచ్చింది.

అమ్మమ్మ వంగలేక, కాలితో కాలిని ఒత్తి చెప్పులు వదిలించుకుంది. కళ్ళు మూసుకుంది. పెదవులు కదిలాయి. అంతలో చక్రాల కింద వంతెన అతుకు టక్కుమంది.

"వాగు ఇప్పుడొచ్చినాది" అంది కళ్ళు తెరవకుండానే. "నీ పెట్టె ముందే కూసినాది బాబూ. ముందు తీస్తే తప్పు లేదులే. వెనక తీస్తేనే."

అవతలి హద్దు దాటాక తెర మీద మాట మాయమైంది. "వేసుకో అమ్మమ్మా" అన్నాను. ఆమె కాళ్ళతో వెతుక్కుని చెప్పులు తొడుక్కుంది.

ఆ మధ్యాహ్నం చెల్లెలి ఇంట్లో అక్కచెల్లెళ్ళిద్దరూ నా వృత్తం గురించి అడిగి తెలుసుకుని, పొలిమేర గుండ్రంగా ఎలా ఉంటుందని నన్ను నిలదీశారు. బల్ల మీద జంతికల ముక్కలు పేర్చి, ఇక్కడ వాగు, ఇక్కడ ఆసుపత్రి, ఇక్కడ పాలవాడి కొట్టం అని హద్దు వేశారు. ఆసుపత్రి ముక్కని చెల్లెలు ఇటు జరిపితే అమ్మమ్మ అటు జరిపింది. గొడవ తేలేలోపు మావయ్య ఆసుపత్రిని తినేశాడు. నేను పెద్ద వృత్తాన్ని చెరిపి, జంతికల హద్దు వెంట చిన్న చిన్న వృత్తాలు ఎక్కించాను. రిసీవర్‌ని రెండు వైపులా అంటుకునే టేపుతో డాష్‌బోర్డు చివర అంటించాను. అమ్మమ్మ వినాయకుడి పళ్ళెం ఎత్తి పట్టుకుంటే దాని చోట డాష్‌బోర్డు మీద కూడా ఒక ముక్క వేశాను. మావయ్య రిసీవర్‌ని తను కదిపి, పళ్ళేన్ని అమ్మమ్మ చేత కదిపించి చూసి ఒప్పుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో కారు నేను నడిపాను. కూత వినబడగానే వెనక సీట్లో అమ్మమ్మ చెప్పులు వదిలించుకున్న చప్పుడు వినిపించింది. పక్కన చూస్తే మావయ్య కూడా వంగి తన చెప్పులు తీస్తున్నాడు. నేను చూశానని ఆయన చూశాడు.

"నువ్వు బండి నడుపుతన్నావు, నీకు మాఫీ" అన్నాడు.

ఈసారి వాగు వైపు నుంచి బయటపడుతున్నాం; వంతెన అతుకు టక్కుమనడం, తెర ఖాళీ అవడం ఇంచుమించు ఒకేసారి జరిగాయి. నేను చెప్పకముందే అమ్మమ్మ చెప్పులు తొడుక్కుంది.

"ఇంక ఆ చల్లగాలి మీ ఇష్టం వచ్చినంత తిప్పుకోండి లా" అంది.