మ్యాపులో లేని తోట

మా జాగ్రఫీ మేడం పోయారు. నిన్న పొద్దున్నే నడికుడి స్టేషన్లో రైలు కోసం నిలబడి ఉన్నాను. మా పాత డిగ్రీ క్లాసు వాట్సాప్ గ్రూపులో, ఎవరిదో పుట్టినరోజు కేకు ఫొటో కింద, రెండు ముక్కల్లో ఆ సంగతి ఉంది. రైలొచ్చింది, పోయింది. నేను ఎక్కలేదు. కాసేపటికి తేరుకుని నరసరావుపేట బస్సు పట్టుకున్నాను.

ఆమెను మీరు చూసుండరు. సన్నగా ఉండేవారు, గొంతు మాత్రం కాలేజీ గేటు దాకా వినపడేది. ఎండా వానా లేకుండా చేతిలో గొడుగు, అదే ఆమె పాయింటర్. ఆటో ఎక్కితే డ్రైవర్ని, సంతకెళితే కూరలమ్మేవాళ్ళని, "ఇటు పోతే ఏమొస్తుందయ్యా?" అని అడిగేవారు. తనకి తెలిసిన దారైనా సరే అడిగేవారు. చానాసార్లు విసుక్కున్నాను నేను. "తెలుసుగా మేడం!" అంటే, "నాకు తెలుసు. ఆయనకెట్టా తెలుసో తెలుసుకోవాలిగా" అనేవారు.

ఫోన్లో ఎవరైనా గీయగలిగే మ్యాపు ఒకటుంది కదా, ఏ ఊరివాళ్ళు ఆ ఊరి సంగతులు తలా ఒకటి పెట్టుకుంటూ పోతే తయారయ్యేది. ఒకరోజు క్లాసులో మేడం దాన్ని తెరమీద వేసి నరసరావుపేట చూపించారు. మేమంతా ఎగబడి ఎవరి వీధి వాళ్ళం వెతుక్కున్నాం. బైకు షోరూములున్నాయి, బిర్యానీ హోటళ్ళున్నాయి, కోచింగ్ సెంటర్లున్నాయి, బ్రాందీ షాపులైతే ఒక్కటి కూడా తప్పిపోలేదు.

"ఉన్నవి చూడటం అయిందా? ఇప్పుడు ఏం లేవో చెప్పండి."

ఆమే గొడుగుతో చూపించారు. వీధి కుళాయి లేదు. అంగన్‌వాడీ లేదు. ఇంట్లో మిషన్ పెట్టుకుని జాకెట్లు కుట్టే ఆడవాళ్ళు ఇంతమంది ఉంటే ఒక్కరూ లేరు.

"దీన్ని గీసినోడికి బైకుంది, సాయంత్రంపూట తిరగటానికి తీరికుంది. వీడు బిందె మొయ్యలేదు, పిల్లని చంకనేసుకుని నడవలేదు. ఆ ఖాళీలను తిట్టబాకండి. ఊళ్ళో ఎవరి మాట చెల్లుద్దో, ఎవరిది చెల్లదో అవే చెప్తాయి" అన్నారు. ఆ మాట నేనిప్పుడు మా స్కూల్లో పిల్లలకి చెప్తున్నాను, ఆమె గొంతు నాకు లేదు గానీ.

ఊరి చివర క్వారీ పనివాళ్ళ కాలనీ ఒకటుంది. అక్కడి బోరు నీళ్ళు నోట పెట్టలేం. ఆ ఏడు ఒక ధర్మసంస్థవాళ్ళు మంచినీళ్ళ ప్లాంటు పెడతామని వచ్చారు. ఎక్కడ పెట్టాలో తేల్చుకోటానికి మ్యాపు చూసుకున్నారు. కాలనీ ఉన్నచోట తెల్లగా ఉంది. దానికి అవతల మాత్రం వరసలు వరసలుగా ఇళ్ళున్నాయి. అక్కడే పెడదామన్నారు.

మేడం ఆ ఇళ్ళని చూసి చూసి ఫక్కున నవ్వారు. అది మిరప కల్లం! కాయలు ఎండబోసే రోజుల్లో మంచుకీ వానకీ కప్పే నీలం పట్టాలు అవి. ఎక్కడో దూరాన కూర్చుని ఆకాశం ఫొటో చూసి గీసినాయన వాటిని ఇంటి కప్పులనుకున్నాడు. అసలు ఇళ్ళేమో వేపచెట్ల కింద, మట్టిరంగు రేకుల కింద ఉండిపోయి ఆయన కంటబడలేదు.

నవ్వు ఆగాక ఆమె మొహం మారిపోయింది. "మన మిరపకాయలకి ఇళ్ళు కట్టాడే మహానుభావుడు! మనుషులకి కట్టలేదు."

సంస్థవాళ్ళని వెంటబెట్టుకుని కల్లానికి తీసుకుపోయారు. సీజన్ అయిపోయింది. ఉత్త నేల, రాలిన తొడిమలు, గింజలు, తుమ్ములు. "చెప్పండి బాబూ, ఎవరింటి ముందు పెడదాం?" అని అడిగారు మేడం. వాళ్ళల్లో పెద్దాయన ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకున్నాడు. అట్టాగే కాలనీకి నడిపించారు. అక్కడ ఒక పెద్దమ్మ గ్లాసుతో నీళ్ళిచ్చింది. ఆయన ఒక గుక్క తాగి గ్లాసు దించేశాడు. "తాగండయ్యా, మేం రోజూ తాగేవే" అంది పెద్దమ్మ. ప్లాంటు కాలనీలోనే వచ్చింది.

తర్వాత కాలనీని మ్యాపులోకి ఎక్కించే పని మా క్లాసుకి పడింది. మేం ఫోన్లు తీసి ఉరకబోతే గొడుగు అడ్డం పెట్టారు. "పక్కన కాలనీ ఆడమనిషి లేకుండా ఒక్క గీత గీశారంటే ఊరుకోను. ఆ మహానుభావుడికీ మీకూ తేడా ఏముంటది?" కాబట్టి పెద్దమ్మ ముందు, మేం వెనక. కుళాయి, అంగన్‌వాడీ, మిషన్ కుట్టే కోడలు, రాత్రి దీపం వెలగని సందు. అన్నీ ఆవిడ చెప్పిన పేర్లతోనే ఎక్కాయి.

కాలనీ దాటితే సమాధుల తోట. అదీ మ్యాపులో లేదు. పెడదామా అని నేనే అడిగాను. "ఉండనీవే. ముందు బతికున్నోళ్ళ పని కానీ. నేనూ అక్కడికేగా వచ్చేది, అప్పుడు వెతుక్కుందురు గానీ" అని నవ్వారు. మేమూ నవ్వాం. ఎంత తేలిగ్గా నవ్వామో!

నిన్న అదే తోటకి ఆమెను తీసుకుపోయారు. గ్రూపులో అందరూ "లొకేషన్ పెట్టండి" అనేవాళ్ళే. పెట్టటానికి ఏముంది? గుంటూరు నుంచి వచ్చిన కారు పత్తి మిల్లు గేటు ముందు తేలింది. ఇంకొకళ్ళు కళ్యాణమండపానికి పోయి ఫోన్ చేశారు. నేనెక్కిన ఆటో కాలనీ దగ్గర సందుల్లో పడి అటూ ఇటూ తిరుగుతోంది. ఏళ్ళ తరబడి ఆ చోటు ఎక్కించని మా అందరి మీదా కోపమొచ్చింది. ఆమె మొహం చివరిసారి చూడకుండానే మట్టి పోసేస్తారని భయమేసింది.

అప్పుడు మలుపులో ఒక ఆడమనిషి కనిపించింది. తలమీద కొంగు, చెయ్యి చాపి నిలబడి ఉంది. "టీచరమ్మ కాడికేనా? ఇట్టా పోండి." తర్వాతి మలుపులో ఇంకొకామె. ఆ పైన ఇంకొకామె. క్వారీ పని మానుకుని, మలుపుకొకరు చొప్పున ఎండలో నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదట, వాళ్ళే అనుకున్నారట. ఆటోలోనే ఏడ్చేశాను.

అందాను. మొహం చూశాను. పాస్టర్ గారి ప్రార్థన అయ్యాక పిడికెడు మట్టి వేశాను.

జనం పల్చబడ్డాక ఫోన్ తీశాను. తెరంతా తెలుపు, మధ్యలో నా నీలం చుక్క. పెద్దమ్మ పక్కనే ఉంది. బాగా వంగిపోయింది.

"పెద్దమ్మా, ఈ తోటను ఇప్పుడన్నా పెడదామా?"

"పెడదాంలే అమ్మాయ్. ముందు ఆ సెల్లు లోపల పెట్టి మా కోడలికి కాసిని మంచినీళ్ళు తీసుకుపో. పొద్దుటినుంచీ నిలబడుంది."

నీళ్ళ సీసాతో మలుపు దాకా నడిచాను. పొద్దు వాలుతోంది. దుమ్ము రోడ్డు మీద ఎవరూ లేరు.

"అయిపోయింది వదినా, ఇంటికి పో" అన్నాను.

సీసా ఎడంచేత్తో అందుకుంది. కుడిచెయ్యి మాత్రం దించలేదు, తోటవైపు చాపే ఉంచింది. "మాచర్ల నుంచి ఇంకా ఎవురో రావాలంట గదా" అంది.